తెమ్మంటేనే తేవాలి

మా తమ్మిని తీసుకుని ఏలూరు రోడ్ల మీద నడుస్తుంటే కనీసం ఇద్దరైనా ఆపి అడుగుతారు, "ఏం చేస్తుందండి ఇది? కాపలా కాస్తుందా?" అని. కాయదండి. దొంగ వస్తే తోకాడిస్తూ వెళ్ళి, వాడి చెప్పు ఒకటి నోట కరుచుకొచ్చి మా అమ్మ చేతికిస్తుంది.

తమ్మి నల్ల లాబ్రడార్. మా ఊళ్ళో పారే తమ్మిలేరు పేరే పెట్టాను. "ఏటి పేరు కుక్కకేంట్రా" అని నాన్న నెలరోజులు సణిగారు. ఆ ఏరు వెళ్ళి కొల్లేట్లో కలిసినట్టే, ఇది కూడా నీళ్ళు ఎక్కడ కనపడితే అక్కడ కలిసిపోతుంది. పేరు సరిపోయింది.

లాబ్రడార్‌ని మన దగ్గర చాలామంది పెంచుతున్నారు. కానీ అసలు దాన్ని ఏ పని కోసం తయారుచేశారో తెలిసి పెంచేవాళ్ళు తక్కువ. నాకూ తెలీదు. తెలియక ఒకరోజు దాని ప్రాణం మీదికి తెచ్చాను. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్న సంగతులివి.

దీని వృత్తి

తుపాకీతో పిట్టల్ని వేటాడే దేశాల్లో కుక్కలకి పనులు పంచేశారు. పాయింటర్ వాసన పట్టి, పిట్ట ఉన్న వైపు చూస్తూ బొమ్మలా నిలబడిపోతుంది. స్పానియల్ పొదల్లో దూరి పిట్టని లేపుతుంది. రిట్రీవర్ మాత్రం యజమాని పక్కనే నోరు మూసుకుని కూర్చుంటుంది. పిట్ట పడ్డాక, పంపితే వెళ్ళి, దాన్ని నలపకుండా తెచ్చి చేతిలో పెడుతుంది. గోల్డెన్ రిట్రీవర్‌ని స్కాట్లాండులో లార్డ్ ట్వీడ్‌మౌత్ అనే ఆయన 1868 ప్రాంతంలో ఇందుకే పుట్టించాడు.

లాబ్రడార్ కథ ఇంకొంచెం మనకి దగ్గర. దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల కుక్కలు. చన్నీళ్ళలో దూకి వలల తాళ్ళు లాక్కురావడం, కొక్కెం జారిన చేపని పట్టుకురావడం వాటి పని. 19వ శతాబ్దంలో బ్రిటన్ జమీందార్లు వాటిని తెప్పించుకుని బాతుల వేటకి మలిచారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మా వైపు "వేటకెళ్ళాడు" అంటే చేపలకెళ్ళాడనే అర్థం. ఆ లెక్కన లాబ్రడార్ మొదట చేసింది మన వేటే.

ఆ పని గుర్తులు ఒంటి మీద ఇంకా ఉన్నాయి. కాలివేళ్ళ మధ్య పొర, నీళ్ళలో చుక్కానిలా పనికొచ్చే లావుపాటి తోక, నీళ్ళు లోపలికి దిగనివ్వని జిడ్డుగా ఉండే రెండు పొరల బొచ్చు. అన్నిటికన్నా వింత దాని నోరు. బొమికని పటపటలాడించే ఆ దవడలతోనే కోడిగుడ్డుని పగలకుండా తేగలదు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'మెత్తని నోరు' అంటారు.

కొల్లేరు గట్టున ఏం జరిగిందంటే

కైకలూరు వైపు మా మావయ్యకి చేపల చెరువులున్నాయి. తమ్మికి పద్నాలుగో నెలలో అక్కడికి తీసుకెళ్ళాను. అప్పటికి దానికొచ్చిన చదువు ఒక్కటే: బంతి విసిరితే తేవడం. రోజూ యాభైసార్లు విసిరేవాణ్ణి. "భలే తెలివైన కుక్క" అని మురిసిపోయేవాణ్ణి.

గట్టు మీద వదిలానో లేదో, రెండు చెరువులవతల ఏదో కొట్టుకోవడం చూసి దూసుకుపోయింది. పిలిచాను, అరిచాను. చెవికెక్కలేదు. ఐదు నిమిషాలకి తడిసిపోయి తిరిగొచ్చింది. నోట్లో నీటికాకి. చెరువు మీద పక్షులు వాలకుండా కట్టిన దారాల్లో రెక్క చిక్కుకుందట. తమ్మి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక్క పన్ను గాటు లేదు. పిట్టే దీని ముక్కు మీద రెండుచోట్ల పొడిచింది. మావయ్య రెక్కకి చుట్టుకున్న దారం కోసి వదిలితే కాసేపు గట్టు మీద రెక్కలారబెట్టుకుని ఎగిరిపోయింది.

నేను పొంగిపోయాను. మావయ్య మొహం మాత్రం మాడిపోయి ఉంది.

"ఏరా, అది ఏ గట్టు మీంచి వెళ్ళిందో చూశావా? ఆ పక్కది రొయ్యల చెరువు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. తీగలన్నీ నీళ్ళ పక్కనే ఉంటాయి. ఏ తీగకి అతుకు ఊడి ఉంటుందో మనుషులకే తెలీదు. దూకుంటే ఈపాటికి దాన్ని మనం తెచ్చేవాళ్ళం, అది మనకేం తెచ్చేది కాదు."

ఇంకో మాట కూడా అన్నాడు. "పైగా ఇది కొల్లేరు. ఆ పిట్ట చచ్చుంటే ఎవరికి చెప్తావ్ సమాధానం?"

నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం కూడా వేట కిందికే వస్తాయి. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు పెట్టేది ఇక్కడే. చలికాలంలో ఎక్కడెక్కడి బాతులో వచ్చి దిగేదీ ఇక్కడే. ఇలాంటి చోట తేవడం మాత్రమే తెలిసి, ఆగడం తెలియని కుక్కని వదిలితే అది పిట్టలకీ ప్రమాదం, దానికీ ప్రమాదం.

నేను అర్థం చేసుకున్నది ఇది. తేవడం నేను నేర్పింది కాదు, పుట్టుకతోనే వచ్చింది. నేను నేర్పాల్సింది ఆగడం. అది నేర్పకుండా రోజుకి యాభైసార్లు బంతి విసిరి, కదిలేదేదైనా తరమాలని నేనే దానికి అలవాటు చేశాను.

పిట్ట లేకుండా ఆట

అదృష్టవశాత్తూ ఈ విద్యకి పిట్ట అక్కర్లేదు. బ్రిటన్‌లో 'వర్కింగ్ టెస్ట్' అని రిట్రీవర్లకి పోటీలు పెడతారు. వాటిలో గుడ్డతో చేసిన డమ్మీలే వాడతారు. మామూలు డమ్మీ అరకిలోకి కొంచెం తక్కువ బరువుంటుంది. నేను పాత జీన్స్ కాలు కోసి, లోపల మూత బిగించిన చిన్న ఖాళీ సీసా, చుట్టూ గుడ్డపీలికలు పెట్టి కుట్టించాను. నీళ్ళలో తేలుతుంది. విసరడానికి చివర ఒక తాడు.

ఒక చిన్న సంగతి: కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి గానీ ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా ఉంటాయి. గడ్డిలో నారింజ రంగు డమ్మీ మనకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, దానికి కాదు. అది ముక్కుతో వెతుక్కోవాలి. పాఠం మొదట్లో తెల్లది వాడి, ముదిరాక నారింజకి మారాలి.

ఇక వరస ఇదీ.

మొదటిది ఈల. నోటి పిలుపులో మన కోపం, భయం అన్నీ కలిసిపోతాయి. ఈల ఎప్పుడూ ఒకటే. ఆక్మే 211.5 లాంటి ఈలల మీద ఉన్న అంకె స్థాయిని చెబుతుంది. పాతది పోయినా అదే అంకెది కొంటే అదే స్వరం. పొడుగ్గా ఒక్క ఊదు ఊదితే ఉన్నచోటే కూర్చోవాలి. పొట్టిగా వరసగా ఊదితే వెనక్కి రావాలి. ముందు ఇంట్లో, అన్నం గిన్నె దగ్గర మొదలుపెట్టాను. ఊదడం, కూర్చోగానే ఒక మెతుకు. కూర్చున్న సెకనులోపే బహుమతి అందాలి. ఆలస్యమైతే అది దేనికిచ్చామనుకుంటుందో మనకే తెలీదు.

రెండోది ఓపిక. తమ్మిని కూర్చోబెట్టి డమ్మీ విసురుతాను. అది వెళ్ళదు. నేనే నడిచి వెళ్ళి తెచ్చుకుంటాను. పది విసిరితే ఆరు నావి, నాలుగు దానివి. చూసేవాళ్ళకి నవ్వులాటే. "కుక్కని కూర్చోబెట్టి నువ్వు తెస్తున్నావేంట్రా" అని మా తాడేపల్లిగూడెం బాబాయి పడీపడీ నవ్వాడు. కానీ మొత్తం చదువులో కీలకం ఆ ఆరే. విసిరిందల్లా తనది కాదని కుక్కకి తెలియాలి.

మూడోది పట్టు, విడుపు. "ఇవ్వు" అంటే చేతిలో పెట్టాలి, కింద పడెయ్యకూడదు. ఇక్కడ అందరూ చేసే తప్పు, నోట్లోంచి లాగడం. లాగితే అది ఇంకా గట్టిగా పడుతుంది, మెత్తని నోరు పాడవుతుంది. నేనైతే డమ్మీకి బదులు ఉడికిన గుడ్డు ముక్క ఇచ్చేవాణ్ణి. ఇస్తే నష్టం లేదని తెలిశాక లాక్కోవాల్సిన పని రాలేదు.

నాలుగోది గుర్తు. దూరంగా పడ్డ చోటుని కంటితో చూసి గుర్తుపెట్టుకోవడం. రెండు డమ్మీలు రెండు వైపులా వేసి, మొదట పడినదాన్ని తర్వాత తెమ్మంటే జ్ఞాపకశక్తి పెరుగుతుంది.

ఐదోది నమ్మకం. అది చూడకుండా దాచిన డమ్మీకి చేయి చూపించి పంపడం. మధ్యలో ఈల వేస్తే ఆగి నా వైపు తిరగాలి. ఎడమా, కుడా, వెనక్కా అన్నది నా చేయి చెబుతుంది. కుక్కకి ఏమీ తెలియదు, మనకి తెలుసు. మన మాట మీద అది పరిగెడుతుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే దీనికి బాగా పనికొచ్చింది. అంత తిన్నని చోటు ఇంకెక్కడ దొరుకుతుంది! నడకకొచ్చే పెద్దవాళ్ళు లేని సమయం చూసుకుని, పక్క గడ్డిలో దాచేవాణ్ణి.

నీళ్ళు అన్నిటికన్నా చివర. అదీ పట్టుబడి అయిపోయి, ఏరియేటర్లు తీసేసిన మావయ్య చెరువులోనే. అభయారణ్యం నీళ్ళలోకి ఎప్పుడూ దింపలేదు. పారే కాలువలోకీ అంతే.

ఇంట్లో సంసారం

2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంగతి కనిపెట్టారు. దాదాపు నాలుగోవంతు లాబ్రడార్లలో పి.ఓ.ఎం.సి. అనే జన్యువులో 14 బేస్ జతలు ఎగిరిపోయి ఉంటాయి. ఆకలి తీరిందని మెదడుకి చెప్పే వ్యవస్థ సరిగా పనిచేయదు. శిక్షణకి ఇది వరం, ఎందుకంటే మెతుకు కోసం ఏమైనా చేస్తుంది. ఇంట్లో శాపం, ఎందుకంటే అమ్మమ్మ దగ్గరికి పోయి నిన్నటి నుంచి తిననట్టు మొహం పెడుతుంది. బహుమతి మెతుకులన్నీ రోజు అన్నంలోంచే తీయాలి. బరువు పెరిగితే తుంటి కీళ్ళు పోతాయి. ఏడాది నిండేదాకా ఎత్తు గెంతులు, మెట్ల మీద పరుగులు వద్దు.

మన ఎండకి ఆ రెండు పొరల బొచ్చు కష్టమే. అలా అని గొరిగించకూడదు, ఆ బొచ్చే ఎండ నుంచి కూడా కాస్తుంది. మేలో మా పాఠం పొద్దున్న ఐదున్నరకి మొదలై ఆరున్నరకి అయిపోతుంది. నేల మీద అరచెయ్యి పెట్టి ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాన్ని నడిపించను. చొంగ చిక్కగా కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి, తూలుతుంటే వడదెబ్బ. అప్పుడు ముందు ఒంటి నిండా నీళ్ళు పోసి ఫ్యాన్ కింద పెట్టి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఈతయ్యాక చెవులు పొడిగా తుడవాలి. కాలివేళ్ళ సందుల్లో, చెవుల వెనక పిడుదులు చూడాలి. వాటి వల్ల వచ్చే జ్వరం ప్రాణం తీయగలదు. ఎలుకలు తిరిగే నీటి ప్రాంతం కాబట్టి రేబీస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా ఏటా వేయిస్తాం. పచ్చగా తెట్టు కట్టిన చెరువులోకి అసలు దింపకూడదు. కొన్ని రకాల నాచు కుక్కలకి విషం.

నేను హాస్టల్‌కి వచ్చేశాక తమ్మి గతేంటని భయపడ్డాను. ఇక్కడే ఈల విలువ తెలిసింది. ఎవరు ఊదినా స్వరం ఒకటే కదా! "ఈల వేసే వయసా నాది" అన్న అమ్మే ఇప్పుడు రోజూ మేడ మీద నాలుగు డమ్మీలు విసురుతోంది. ఫోన్లో నా బాగోగుల కంటే తమ్మి మార్కులే ముందు చెబుతుంది.

మళ్ళీ అదే గట్టు

మొన్న సంక్రాంతి సెలవులకి మళ్ళీ మావయ్య చెరువులకి వెళ్ళాం. పొద్దున్నే మంచు ఇంకా విడలేదు. గట్టు మలుపు తిరగ్గానే పరజల గుంపు ఒక్కసారిగా లేచింది. తమ్మి కదిలింది. అటువైపే, ఆ రొయ్యల చెరువు వైపే.

ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఒక్కటి ఊదాను.

నలభై అడుగుల దూరంలో కూర్చుంది. ఒళ్ళంతా వణుకుతోంది, కళ్ళు ఆకాశంలోని పిట్టల మీదే ఉన్నాయి. కానీ కదల్లేదు. నేను నడిచి దాని పక్కకి వెళ్ళేసరికి పరజలు కొల్లేరు మీద దూరంగా చుక్కలైపోయాయి. మావయ్య ఏమీ అనలేదు. వెళ్ళి తన క్యారేజీలోంచి ఇడ్లీ ఒకటి తెచ్చి దానికి పెట్టాడు.

లాబ్రడార్ పిల్లని తెచ్చుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే, డబ్బుల సంగతి తర్వాత చూసుకుందురు గానీ, ముందు ఒకటి ఆలోచించండి. రోజుకో గంట చొప్పున పది పన్నెండేళ్ళు దానికి ఇవ్వగలరా? మీరు ఊళ్ళో లేనప్పుడు ఈల ఊదే మనిషి ఇంట్లో ఉన్నారా? ఉంటే తెచ్చుకోండి. తెచ్చుకున్న మొదటివారం బంతి కొనకండి. ఈల కొనండి.