చలికాలపు తుమ్ములు - పడకలోని ధూళి

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున అనేక గృహములలో పిల్లల తుమ్ములు వినవచ్చును. నిద్ర లేచిన వెంటనే పది, పదిహేను తుమ్ములు వరుసగా వచ్చును. ముక్కు నుండి నీరు కారును. కన్నులు దురదపెట్టును. తల్లిదండ్రులు దీనిని పడిశమని తలచి, కిటికీలు బిగించి, పెట్టెలోని పాత కంబళి తీసి కప్పుదురు. బిడ్డమీది ప్రేమతో చేయు ఈ పని వలననే ఒక్కొక్కప్పుడు బాధ హెచ్చుచుండును. ఏలయన, అట్టి తుమ్ములకు మూలము చలిలో కాక పడకలో నుండవచ్చును.

పడిశము వేరు, ఎలర్జీ వేరు

పడిశము వైరసుల వలన కలుగును. సాధారణముగ వారము, పది దినములలో తగ్గిపోవును. జ్వరము, గొంతునొప్పి దానితో కూడ రావచ్చును. ఎలర్జీలో జ్వర ముండదు. అది వారముల తరబడి సాగును. ముక్కులోను కన్నులలోను దురద దాని ముఖ్యలక్షణము. దురదకు తాళలేక ముక్కుకొనను అరచేతితో పైకి రుద్దుకొనుట ఈ పిల్లలలో తరచుగా కాననగును.

ఎలర్జీ అను పదమును 1906లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ప్రవేశపెట్టెను. హానిచేయని పదార్థమును శరీరము శత్రువుగా నెంచి ఎదుర్కొనుటయే ఎలర్జీ. అట్టివారి శరీరములో ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అను ప్రతిరక్షకము తయారై, ముక్కుపొరలలోని మాస్ట్ కణములకు అంటుకొని యుండును. ఆ పదార్థము మరల లోనికి రాగానే ఈ కణములు హిస్టమిన్‌ను వెలువరించును. దాని వలన పొరలు వాచి, నీరు కారి, తుమ్ములు వచ్చును.

ధూళిలోని పురుగు

ఇంటిధూళి కొందరికి పడదని వైద్యులు చాలకాలము క్రిందటనే యెరుగుదురు. ధూళిలోని ఏ పదార్థము ఇందుకు కారణమో మాత్రము తేలలేదు. 1960 తరువాతి సంవత్సరములలో హాలెండులోని లైడెన్ నగరమున ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా మున్నగువారు చేసిన పరిశోధనల వలన దాని గుట్టు బయటపడెను. ధూళిలో ఎనిమిదికాళ్ల పురుగు కలదు. అది సాలెపురుగులకు దగ్గరి బంధువు. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు మూడవవంతు. అది కరవదు, రక్తము పీల్చదు. మనుష్యుల చర్మము నుండి రాలు పొలుసులే దాని ఆహారము. కావున పొలుసులు ఎక్కువగా రాలు పరుపు, తలగడ, దుప్పటి దానికి నివాసములు.

ఎలర్జీ కలిగించునవి ముఖ్యముగా దాని మలములోని మాంసకృత్తులు. ఆ రేణువులు కొంత బరువైన వగుటచే గాలిలో ఎక్కువసేపు తేలవు. దుప్పటి దులిపినపుడు, పొడిచీపురుతో ఊడ్చినపుడు లేచి, త్వరలోనే దిగిపోవును. తలగడకు ముఖమానించి నిద్రించు బిడ్డకు మాత్రము రాత్రియంతయు అవి అందుచునే యుండును.

చలికాలముతో సంబంధము

ఈ పురుగు నీరు త్రాగదు. గాలిలోని తేమను గ్రహించి జీవించును. గదిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతమునకు లోబడి చాలదినములు నిలిచినచో అది ఎండి నశించును. కోస్తా జిల్లాలలో వానలు వెనుకబడినను గాలిలో తేమ విశేషముగ నుండును. తలుపులు మూసిన గదిలో నలుగురు పరుండినచో వారి ఊపిరి వలనను చెమట వలనను తేమ మరింత పెరుగును. తెలంగాణ, రాయలసీమలలో చలిగాలి పొడిగా నుండుటచే పురుగులు తగ్గవచ్చును. కాని అవి వర్షకాలమున విడిచిన మలము కంబళ్లలో నిలిచియుండును. పురుగు చచ్చినంత మాత్రమున ఎలర్జీ పదార్థము పోదు.

తేమగోడల బూజు, బొద్దింకలు విడుచు పదార్థములు కూడ కొందరికి ఎలర్జీ కలిగించును. దోమలచుట్టల పొగ, సాంబ్రాణి పొగ, పొయ్యిపొగ వాచియున్న ముక్కుపొరలను ఇంకను రేపును.

చేయదగిన పనులు

దుప్పట్లు, తలగడ గలీబులు వారమున కొకసారి 55 - 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో నానబెట్టి ఉతుకవలెను. చేయి పెట్టలేనంత వేడి గనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు. పెట్టెలోని కంబళిని ఉతికి, ఆరవేసిన పిమ్మటనే వాడవలెను. ఉతుకరాని పరుపులను ఎండలో వేయవలెను. తివాచీలను నేరుగా ఎండలో నుంచినచో వానిలోని పురుగులన్నియు చావగలవని 1994లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. ఎండిన పరుపును బిడ్డ లేని సమయమున, ఇంటి వెలుపల దులుపవలెను. గచ్చును ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు. పగటివేళ కిటికీలు తెరచి గాలి ఆడనీయవలెను.

వీనిలో ఏ ఒక్క పనితోను తృప్తిపడరాదు. అమెరికాలోని ఏడు నగరములలో ఉబ్బసము గల 937 మంది పిల్లలపై జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఒక్కొక్క బిడ్డకు పడని పదార్థములను గుర్తించి ఇంటిలో పలువిధముల జాగ్రత్తలు కలిపి తీసికొనగా, ఉబ్బసముతో బాధపడు దినములు తగ్గినవి.

శుభ్రత ఔషధమునకు బదులు కాదు. రాత్రి దగ్గు, పిల్లికూతలు కనిపించినచో అది ఉబ్బసము కావచ్చును, వైద్యునికి చూపవలెను. వైద్యుడిచ్చిన పీల్చుమందును, బిడ్డ బాగుగనున్నాడని తమంతట మానరాదు. మాట తెమలనంత ఆయాసము, పెదవులు నీలమగుట, పక్కటెముకల నడుమ గుంటలు పడుట అపాయసూచనలు. అట్టి యెడల క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పాఠశాలలో

ముక్కు బిగిసి రాత్రి నిద్రలేని బాలుడు తరగతిలో తూగును. అది సోమరితనమని ఉపాధ్యాయుడు శిక్షించుటకు ముందు, తెల్లవారి తుమ్ములను గూర్చి విచారించుట మంచిది. పాఠశాల ప్రయోగశాలలోని తడి - పొడి బుడ్ల ఆర్ద్రతామాపకముతో, మూసిన గదిలోను తెరచిన గదిలోను తేమను కొలిచి చూపవచ్చును. ఆ రెండు అంకెలను తన కంటితో చూచిన విద్యార్థి ఇంటికి పోయి కిటికీ తెరచును.