చీటీ పోయినా చరిత్ర పోకూడదు: ప్రభుత్వ ఆసుపత్రిలో ఆభా సంఖ్య

నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని ఇస్లాపూర్ తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. అక్కడి రోగి ఒకసారి కిన్వట్‌లో, ఒకసారి నాందేడ్‌లో, మరొకసారి ఆదిలాబాద్‌లో వైద్యం చేయించుకోవచ్చు. ప్రతి చోటా కొత్త చీటీయే. పాత చీటీ ఇంట్లో ఉండిపోతే, గతంలో ఏ మందు పడలేదో కొత్త వైద్యునికి తెలియదు.

ఈ చిక్కును తీర్చడానికి ఉద్దేశించినదే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. ఇది 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైనది. ఇందులో నమోదైన వ్యక్తికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య లభిస్తుంది. రాష్ట్రం మారినా సంఖ్య మారదు. రికార్డులు తయారైన ఆసుపత్రిలోనే ఉండి, రోగి సమ్మతించినప్పుడే మరొక వైద్యునికి కనిపిస్తాయి. ఆ సమ్మతిని రోగి వెనక్కు తీసుకోవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ‘స్కాన్ అండ్ షేర్’ సదుపాయం ఉన్న ఆసుపత్రులలో, ఓపీ కౌంటరు వద్ద క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే వివరాలు నమోదై టోకెన్ వస్తుంది.

అయితే కంప్యూటరు వచ్చినంత మాత్రాన మార్పు పూర్తి కాదు. తెలుగువారు ఇంటిపేరును ముందుగా, తరచు ఒక్క అక్షరంతో రాస్తారు. మహారాష్ట్ర పత్రాలలో సొంత పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటిపేరు పూర్తిగా రాయడం వాడుక. ఒకే మనిషి రెండు తీరుల నమోదైతే కంప్యూటరు దృష్టిలో ఇద్దరు మనుషులే. కనుక ఆధార్‌లో ఉన్న పేరునే ప్రతి ఆసుపత్రిలోనూ చెప్పడం మేలు.

ఆసుపత్రికీ బాధ్యత ఉన్నది. కొత్త పద్ధతి అలవాటయ్యే వరకు పాత కౌంటరు కూడా నడవాలి. ఫోను లేనివారికి, చదువు రానివారికి, మరాఠీ తెలియనివారికి సాయపడే మనిషి వరుస మొదట్లోనే ఉండాలి. సిబ్బందికి ముందుగా శిక్షణ, కరెంటు పోయినప్పుడు రాసుకోవడానికి రిజిస్టరు అవసరం.

ఆభా నమోదు స్వచ్ఛందం. అది లేదని వైద్యం నిరాకరించరాదు. మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ ఆసుపత్రులలో 2023 ఆగస్టు 15 నుంచి వైద్యం ఉచితం. నమోదుకు వచ్చే ఓటీపీని ఫోనులో అడిగే అపరిచితులకు చెప్పరాదు. పాత చీటీలు వాటంతట అవే కొత్త సంఖ్యకు చేరవు. కాబట్టి వాటిని భద్రపరచుకొని, వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ వెంట తీసుకుపోవాలి.