పడవ పరుగుకు ఏ కెమెరా? కథకు ఏ కెమెరా?

యానాంలో గౌతమీ గోదావరి మీద పడవ వేగాన్ని వీడియో తీయాలి. ఊళ్లో ఒక లఘుచిత్రమూ తీయాలి. చేతిలో డబ్బు తక్కువ. ఏ కెమెరా కొనాలి?

బొమ్మ ఎందుకు అదురుతుంది?
పడవ కుదుపు కెమెరాకూ తగులుతుంది. ఇలాంటి కుదుపుల్లో వాడే చిన్న కెమెరాను యాక్షన్ కెమెరా అంటారు. దానిలోని గైరోస్కోప్ ఆ కదలికను కొలుస్తుంది. ప్రాసెసర్ ప్రతి ఫ్రేమునూ ఎదురు దిశకు జరిపి, అంచులు కత్తిరిస్తుంది. అందుకే బొమ్మ నిలకడగా కనిపిస్తుంది.

వీడియోలో నీటి తుంపర నెమ్మదిగా ఎలా ఎగురుతుంది?
సెకనుకు 120 ఫ్రేములు తీసి, 24 చొప్పున చూపిస్తే కదలిక 5 రెట్లు నెమ్మదిస్తుంది. అయితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుగు తక్కువ. అందుకే మంచి ఎండలో తీయాలి.

చీకటిపడ్డాక బొమ్మ ఎందుకు చెడుతుంది?
యాక్షన్ కెమెరా సెన్సర్ చిన్నది. వెలుగు చాలకపోతే బొమ్మంతా చుక్కలే. రాత్రి సన్నివేశాలకు పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా మేలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, షట్టర్ వేగం సెకనులో 50వ వంతు పెడితే ట్యూబులైటు మినుకు వీడియోలో పడదు.

ఎలా ఎంచుకోవాలి?
నీటి ఆటలే ఎక్కువైతే, నీళ్లు చొరబడని, కుదుపు సర్దే యాక్షన్ కెమెరా తీసుకోండి. ఉప్పునీటిలో తడిస్తే మంచినీటితో కడగండి. కథలే ఎక్కువైతే, ఇంట్లోని ఫోనుతో మొదలుపెట్టి, కెమెరాకు పెట్టాలనుకున్న డబ్బుతో మైకు, స్టాండు కొనండి. మాట సరిగా వినబడని కథను ఎవరూ చివరిదాకా చూడరు. పడవ ఎక్కితే మాత్రం కెమెరా కంటే ముందు లైఫ్ జాకెట్!