ఎత్తే జెల్.. నిలబెట్టే కెరియర్!

బైపీసీ చదివారు. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇక వైద్యరంగం తలుపులు మూసుకున్నట్టేనా? కానే కాదు. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, భీమవరం.. ఎక్కడైనా సరే, గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు పక్కన చేయి తిరిగిన ఎండోస్కోపీ టెక్నీషియన్ ఉండాల్సిందే. ఆ పనికున్న విలువేంటో ఒక్క ఉదాహరణతో చూద్దాం.

పెద్దపేగు లోపలి పొరపై పాలిప్ పెరిగిందనుకోండి. కొన్ని రకాలను వదిలేస్తే ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారొచ్చు. పొట్ట కోయకుండా ఎండోస్కోపుతోనే తీసేయొచ్చు. కానీ పేగు గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. చదునుగా ఉన్న పాలిప్‌ను నేరుగా కోస్తే గోడకు చిల్లు పడొచ్చు. అందుకే సన్నని సూదితో దాని కిందికి ద్రవం ఎక్కించి పైకి లేపుతారు. ఆకుమడికి నీళ్లు పెట్టి నారు తీసినట్టన్నమాట! తర్వాత తీగ ఉచ్చు బిగించి తొలగిస్తారు.

సెలైన్‌తో ఇలా లేపే పద్ధతి 1955 నాటికే వైద్య పత్రికల్లోకి వచ్చింది. అయితే సెలైన్ నిమిషాల్లో ఇంకిపోతుంది. హైలురోనిక్ ఆమ్లం లాంటి చిక్కటి ద్రవాలు, జెల్‌లు ఎక్కువసేపు నిలుస్తాయి. అంచులు స్పష్టంగా కనిపించేందుకు నీలిరంగు కలుపుతారు.

ఇక్కడ మీరేం చేస్తారు?

* సూది, ట్యూబుల్లో గాలి లేకుండా జెల్ నింపాలి. డాక్టర్ చెప్పిన క్షణంలోనే ఎక్కించాలి, ఆపమంటే ఆపాలి.

* కణితి పైకి లేవకపోతే వెంటనే చెప్పాలి. అది లోతుకు పాకిన క్యాన్సర్ కావొచ్చు, పాత బయాప్సీ మచ్చా కావొచ్చు.

* ఏ జెల్ వాడారో ల్యాబ్ ఫారంలో నమోదయ్యేలా చూడాలి. కొన్ని జెల్‌ల అవశేషాలు కణజాలంలో మిగిలి మైక్రోస్కోపు కింద తికమక పెడతాయి. ఒక్క మాట రాయకపోతే రిపోర్టే తారుమారు కావొచ్చు.

* ప్రతి కేసు తర్వాత ఎండోస్కోపును పద్ధతిగా శుద్ధి చేయాలి.

చేరే ముందు..

అలైడ్ హెల్త్ వృత్తుల కోసం కేంద్రం 2021లో ప్రత్యేక చట్టం తెచ్చింది. కాబట్టి ఫీజు కట్టే ముందే కోర్సుకు పారామెడికల్ బోర్డు లేదా యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. బీఫార్మసీ, బయోమెడికల్ విద్యార్థులైతే వైద్య పరికరాల నిబంధనలు-2017పై పట్టు పెంచుకోండి. తయారీ వైపు వెళ్లాలనుకుంటే విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌పై కన్నేయండి.

కాలేజీ బోర్డు ఎంత పెద్దదని కాదు, ‘ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో? అక్కడ రోజూ ఎండోస్కోపీలు జరుగుతాయా?’ అని అడగండి. సూటిగా జవాబు చెప్పిన చోటే చేరండి.