మదనపల్లె చరిత్ర, వాట్సాప్ పుకారు

‘జనగణమన’ను ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించిందన్న సందేశం ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. అది అబద్ధం. అలాంటి ప్రకటనేదీ చేయలేదని యునెస్కోయే చెప్పింది.

మదనపల్లె ప్రాంత జనానికి ఇలాంటి లేని గొప్ప అవసరమే లేదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలోని థియోసాఫికల్ కాలేజీలో బస చేసిన రవీంద్రనాథ్ టాగూర్ ఆ గీతాన్ని అక్కడే ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు కూర్చారు. ఆ అనువాదానికి కవి చేతిరాతే సాక్ష్యం.

ఈ గీతం మీద పుకార్లు వాట్సాప్‌తోనే పుట్టలేదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో ఈ గీతాన్ని తొలిసారి పాడారు. బ్రిటిష్ రాజు ఐదో జార్జిని కీర్తించే వేరే పాట కూడా అదే రోజు వినిపించింది. కొన్ని ఇంగ్లిష్ పత్రికలు రెంటినీ కలిపేసి, టాగూర్ రాజును స్తుతించారని రాశాయి. ‘బెంగాలీ’ పత్రిక మాత్రం రెండు పాటలనీ విడివిడిగా పేర్కొంది. తాను రాజును పొగడలేదని టాగూర్ 1937లో ఉత్తరం రాసినా ఆ అపవాదు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అచ్చులో వచ్చిందనో, ఆప్తులు పంపారనో ఏదీ నిజమైపోదు. చెప్పింది ఎవరు, వాళ్లు స్వయంగా చూశారా, అదే రోజు మరో పత్రిక ఏం రాసింది, అసలు పత్రం ఎక్కడుంది అని అడగాలి. యునెస్కో సందేశం ఈసారి మీ ఫోన్‌కి వస్తే ముందుకు పంపకండి. దానికి బదులు మదనపల్లె సంగతి చెప్పండి.