గుత్త పని - నెల జీతం

తిరువూరు ప్రాంతపు మామిడి రైతుకు రెండు దారులున్నాయి. పూత మీదనో, పిందె మీదనో తోటను వ్యాపారికి గుత్తకు ఇవ్వవచ్చు. లేదా తానే కాపు కాచి కాయ అమ్ముకోవచ్చు. గుత్తకు ఇచ్చిన తరువాత గాలివానకు కాయ రాలితే ఆ నష్టం వ్యాపారిది. తన వద్దనే ఉంచుకొంటే నష్టం రైతుది. ధర పలికితే లాభమూ అతనిదే. కంప్యూటర్ ప్రోగ్రామర్ల కొలువులను అర్థం చేసుకోవడానికి ఈ లెక్క ఎంతో ఉపకరిస్తుంది. వారి వృత్తిలో గాలివాన అంటే పని దొరకని కాలం. ఆ కాలపు నష్టాన్ని ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న.

శాశ్వతోద్యోగికి చేతిలో పని ఉన్నా లేకపోయినా ఉద్యోగంలో ఉన్నంత కాలం జీతం వస్తుంది. సెలవులుంటాయి. 1952 నాటి చట్టం ఏర్పరచిన భవిష్య నిధికి అతని వంతుగా 12 శాతం, యజమాని వంతుగా అంతే మొత్తం జమ అవుతుంది. కాంట్రాక్టు ప్రోగ్రామరు ఒక పనికి, ఒక గడువుకు కుదురుకొంటాడు. తరచుగా అతడు పనిచేసే సంస్థ ఒకటి, జీతమిచ్చే సంస్థ మరొకటి. ఆ మధ్యవర్తి సంస్థ గంటల లెక్కన వచ్చే సొమ్ములో తన వాటా మినహాయించుకొని మిగిలినది ఇస్తుంది. దీనికి పరిశ్రమలో 'బాడీ షాపింగ్' అని పేరు. వినడానికి కటువైన మాటే గాని, జరిగే పనిని దాచని మాట.

ఈ తేడా తెలుగువారికి అనుభవంలోకి వచ్చింది 2000 సంవత్సరానికి అటూ ఇటూ. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతోనే వ్రాసేవారు. 2000ను యంత్రాలు 1900గా పొరబడతాయన్న భయంతో వాటిని సరిదిద్దడానికి వేలాదిమంది కావలసివచ్చారు. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాలు వెలిశాయి. అమెరికా కూడా ఏటా 65,000గా ఉన్న హెచ్-1బి వీసాల పరిమితిని పెంచుతూ పోయి, 2001 నుంచి 2003 వరకు 1,95,000 చేసింది. అయితే ఆ పెంపు అమలులో ఉండగానే, 2001లో, ఇంటర్నెట్ వ్యాపారాలు కుప్పకూలి గిరాకీ పడిపోయింది. పని లేక ఎదురుచూడడాన్ని 'బెంచి మీద ఉండడం' అంటారు. అట్టి కాలంలోనూ హెచ్-1బి ఉద్యోగికి జీతం ఇచ్చి తీరాలని అమెరికా 1998లోనే చట్టం చేసింది. ఆ రోజులలో సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తెలుగు ప్రోగ్రామర్ల జీవితాన్ని పరిశీలించిన షియాంగ్ బియావో అనే చైనా పండితుడు 2007లో ప్రచురించిన గ్రంథంలో, బెంచి మీద జీతం లేకుండా గడిపినవారిని గురించి వివరంగా వ్రాశాడు. కోస్తా జిల్లాల వ్యవసాయపు మిగులు, కట్నపు సొమ్ము ఈ చదువులకు పెట్టుబడి అయిన తీరును కూడా చూపాడు. ఆ విధంగా సిడ్నీలో రాని జీతం ఇక్కడి పల్లెలోని పొలం లెక్కలను కూడా తాకింది.

ఒక లెక్క వేసి చూద్దాం. శాశ్వతోద్యోగికి నెలకు 60,000 రూపాయలు, కాంట్రాక్టు ఉద్యోగికి 90,000 రూపాయలు అనుకొందాం. మొదటివాని ఏడాది ఆదాయం 7,20,000. రెండవవాడు నాలుగు నెలలు బెంచి మీద జీతం లేకుండా ఉంటే అతని ఆదాయమూ సరిగ్గా అంతే. సెలవులు, భవిష్య నిధి, ఆరోగ్య బీమా లెక్కలో చేర్చితే అతడు వెనుకబడినట్లే. ఏడాది పొడవునా పని దొరికితే మాత్రం 3,60,000 మిగులు. కొత్త పనులు త్వరగా నేర్చుకొనే నేర్పు గలవారు, ఇంటి బాధ్యతలు తక్కువగా ఉన్నవారు ఈ దారిని ఎంచుకోవడంలో వింత లేదు.

శాశ్వతోద్యోగం పేరుకు తగినంత శాశ్వతమూ కాదు. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ లెక్కలు కల్పితాలని 2009 జనవరి 7న దాని అధ్యక్షుడే అంగీకరించాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేజిక్కించుకొన్నది. తరువాత పని లేని వేలాదిమందిని మూలవేతనం, భవిష్య నిధి, వైద్య బీమాలతో ఇంటి వద్ద ఉండమన్నారు. అది పూర్తి జీతం కాదు. బెంచి మీద జీతమే లేని కాంట్రాక్టు ఉద్యోగికి ఆ మాత్రం ఆసరా కూడా ఉండదు.

గ్రాట్యుటీ విషయంలో ఈ అంతరం కొంత తగ్గింది. 1972 నాటి చట్టం ప్రకారం అది పొందడానికి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, యజమానితో నేరుగా నిర్ణీత కాలపు ఒప్పందం చేసుకొన్నవారికి ఒక్క ఏడాది సర్వీసుతోనే ఆ హక్కు కల్పించింది. మధ్యవర్తి ద్వారా పనిలో చేరేవారు, యజమాని అన్నచోట ఎవరి పేరు ఉన్నదో, బెంచి కాలానికి జీతం ఎవరిస్తారో పత్రంలో చూసుకొన్న తరువాతనే సంతకం చేయాలి.