లారీకి కొత్త హంగులు... డీజిల్ నిజంగా మిగులుతుందా?

మాకో లారీ ఉంది. తిప్పించేది మావారు, జమాఖర్చుల పుస్తకం రాసేది నేను. లారీలకు పేరుపడ్డ సాలూరు లాంటి ఊళ్లలో నాలాంటి ఇల్లాళ్లు చాలామందే ఉంటారు. ఫైనాన్సు వాయిదా, డ్రైవరు జీతం, టైర్లు, పిల్లల ఫీజులు... అన్నీ డీజిల్ ఖర్చు పోగా మిగిలిన దాంట్లోంచే రావాలి. అందుకే "ఇది బిగిస్తే మైలేజీ పెరుగుతుందమ్మా" అని ఎవరైనా అంటే ఆశ పుడుతుంది. ఆశ పడేముందు కాస్త లెక్క వేసుకుందాం.

లారీ నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తుంది అనుకోండి. నెలకు 1,500 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయల చొప్పున లక్షన్నర! నూటికి మూడు లీటర్లు మిగిలినా 4,500 రూపాయలు. 30 వేలు పెట్టి ఏదైనా బిగిస్తే ఏడో నెలకి సొమ్ము తిరిగొస్తుంది.

అయితే ఆ మూడు లీటర్లూ అందరికీ మిగలవు. క్యాబిన్ మీద బిగించే విండ్ డిఫ్లెక్టర్‌నే తీసుకోండి. వేగం రెండింతలైతే గాలి ఎదురు నాలుగింతలవుతుంది. క్యాబిన్ కంటే ఎత్తుగా గోనె బస్తాలు వేసుకుని హైవే మీద వెళ్లే బండికి ఇది పనికొస్తుంది. టెక్కలి గ్రానైటు రాయి వేసుకుంటే లోడు ఎత్తు పెరగదు, లాభమూ తక్కువే. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్లే బండి పోరాడేది బరువుతో, గాలితో కాదు.

ఇక డీజిల్ పైపుకి తగిలించే అయస్కాంతాల సంగతి. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి ఇంధన పొదుపు సాధనాలు వందకు పైగా పరీక్షిస్తే, కాస్తో కూస్తో ఫలితం చూపినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటికి డబ్బు పెట్టకపోవడమే మేలు. బాడీ ఎత్తు, పొడవు మార్పించాలంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఆర్.సి.లో ఉన్నదానికి తేడా వస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

పెద్దగా ఖర్చు లేని పనులే ముందు చేయాలి. టైర్లలో గాలి సరిచూడటం, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించడం, లోడింగ్ దగ్గర బండి ఆగితే ఇంజను ఆపడం, అతివేగం మానడం. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు సంస్థ పి.సి.ఆర్.ఎ. చెప్పే మాటలూ ఇవే. ఇవన్నీ డ్రైవరు చేతిలో ఉన్నవి. మిగిలిన డీజిల్లో అతనికీ కొంత బత్తాగా ఇచ్చి చూడండి, బండిని ఎంత పదిలంగా నడుపుతాడో!

ఏది బిగించినా ముందు మూడు ట్రిప్పులు, తర్వాత మూడు ట్రిప్పులు అదే దారిలో, అదే బరువుతో చూడాలి. ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించి మీటరు అంకె రాసుకోవాలి. అమ్మేవాళ్ల మాట కంటే మన పుస్తకంలోని ఆ అంకెలనే నమ్మాలి.